ఎ లెవెల్‌లో గ్రీకు, రోమన్ నాగరికత: మన పిల్లలకు దండగా?

ఎసెక్స్ అమ్మ:
మా అమ్మాయికి జీసీఎస్‌ఈ (ఇంగ్లండ్‌లో మన పదో తరగతి లాంటి పరీక్ష) ఫలితాలు వచ్చాయి. ఎ లెవెల్‌కు, అంటే మన ఇంటర్ లాంటి చదువుకు, మూడు సబ్జెక్టులు ఎంచుకోవాలి. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం సరే. మూడోది లెక్కలే అని మేమనుకుంటుంటే, తను క్లాసికల్ సివిలైజేషన్ అంటోంది. ప్రాచీన గ్రీసు, రోము గురించిన చదువట. డాక్టరు కావాలన్న కోరిక మాత్రం మారలేదంటోంది. మా వారు మూడు రోజులుగా అందరితోనూ ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ఒప్పుకోవాలా, వద్దా?

లెక్కలపిచ్చి:
వద్దు. ఉన్నవే మూడు, అందులో ఒకటి గ్రీకు కావ్యంలోని వీరుడు అకిలీజ్ అలకకు ధారపోస్తారా? పైగా ఇది చదివితే గ్రీకూ రాదు, లాటినూ రాదు. అన్నీ ఇంగ్లిష్ అనువాదాలే. లాటిన్ తీసుకుంటానంటే ఒక భాష అయినా వచ్చిందని సంతోషించవచ్చు. లెక్కలు చదివిన పిల్ల రేపు మనసు మార్చుకున్నా ఇంజనీరింగో ఎకనామిక్సో చేసుకుంటుంది.

పాతనాణెం:
ఇక్కడ ఒక ప్రభుత్వ బడిలో ఈ సబ్జెక్టు చెబుతున్నాను, నా పక్షపాతాన్ని ముందే ఒప్పుకుంటున్నాను. రసాయన, జీవశాస్త్రాలు ఉంటే మూడోది ఏదైనా పర్వాలేదనే వైద్య కళాశాలలు చాలా ఉన్నాయమ్మా. తను అనుకుంటున్న వాటి నిబంధనలు ఒకసారి చూసుకోండి.

ఇక అకిలీజ్ అలక సంగతి. గ్రీకు కవి హోమర్, రోమన్ కవి వర్జిల్ కావ్యాలకు 40 శాతం మార్కులు. మిగిలిన రెండు భాగాల్లో ఏం చెప్పాలో బడి ఎంచుకుంటుంది. మేం చెప్పేవాటిలో ఒకటి, తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ తన రూపాన్ని జనం ముందు ఎలా నిలబెట్టుకున్నాడు అన్నది. ఆయన 75 ఏళ్లు బతికాడు, శిల్పాల్లో మాత్రం చివరిదాకా నవయువకుడే. ఫ్లెక్సీలు చూసి పెరిగిన మనకు ఇది వింతా? రోము దగ్గర ప్రీమా పోర్టాలో దొరికిన ఆయన విగ్రహానికి కాళ్లకు చెప్పులుండవు, దేవతల్లాగా. కాలి పక్కన బుల్లి మన్మథుడు, మాది అతని తల్లి వీనస్ దేవి వంశం అని చాటడానికి. కవచం మీద, ఇరాన్ ప్రాంతాన్ని ఏలిన పార్థియన్లు అంతకుముందు యుద్ధంలో లాక్కున్న రోమన్ ధ్వజాన్ని తిరిగి ఇచ్చేస్తున్న దృశ్యం. అసలు సంగతేమిటంటే, క్రీ.పూ. 20లో ఆ ధ్వజాలు రాయబారంతో వచ్చాయి, యుద్ధంతో కాదు. రాతిలో చూస్తే మాత్రం విజయోత్సవమే! ఈ కిటుకు పిల్లలు తమంతట తాము పట్టుకున్న రోజు తరగతిలో గోల చూడాలి.

అనువాదాల మాట నిజమే. కావ్యం నడక చెవికి అందదు, ఆ లోటు నాకూ బాధే. కానీ బడిలో గ్రీకు, లాటిన్ చదవనివాళ్లకు ఆక్స్‌ఫర్డ్‌లోనే ఆ చదువుల డిగ్రీకి వేరే దారి ఉంది, చేరాక నేర్పుతారు.

కృష్ణ ఒడ్డు:
నా అభ్యంతరం ఉద్యోగాల గురించి కాదు. భారత్‌ను ఏలే అధికారులను ఎంపిక చేయడానికి 1855లో లండన్‌లో పోటీ పరీక్ష మొదలుపెట్టినప్పుడు గ్రీకుకు 750 మార్కులు, లాటిన్‌కు 750, సంస్కృతానికి 375. ఎవరి చదువు ఎంత బరువో ఆ తక్కెడలో తూచి మరీ చెప్పారు. పోతన పద్యం ఒక్కటి రాని పిల్లల ఇంటికి అదే తక్కెడను మళ్లీ తెచ్చుకోవాలా?

పాతనాణెం:
ఆ తక్కెడ ఎలా తయారైందో కూడా ఇందులోనే ఉందండీ. 'బార్బేరియన్' (అనాగరికుడు) అనేవాడిని గ్రీకులు ఎలా పుట్టించారన్నది ఒక పూర్తి భాగం. గ్రీకులు పారశీకులను ఓడించిన సలామిస్ యుద్ధం క్రీ.పూ. 480లో జరిగింది. ఎనిమిదేళ్లు తిరగకుండానే గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ పారశీకుల ఓటమిని ఏథెన్స్‌లో నాటకంగా ఆడించాడు. వేదిక మీద ఏడ్చేది ఓడినవాళ్లు, కూర్చుని చూసేది గెలిచినవాళ్లు. అది జాలా, ఎగతాళా అని మా తరగతిలో ఏటా గొడవే.

అన్నట్టు, ప్రాచీన భూగోళవేత్త టాలెమీ 'మైసోలస్' అని రాసిన నది మీ కృష్ణేనని పండితులు అంటారు. నాగార్జునకొండలో, అగస్టస్ తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కాలపు బంగారు నాణెం దొరికింది. భారత్ వ్యాపారానికి ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ నాణేలు) తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయింది ఇలాంటి డబ్బు గురించే. పోతనను ఇంట్లో మీరు చెప్పండి, ఎ లెవెల్ అడ్డురాదు.

కృష్ణ ఒడ్డు:
నాణెం దొరికినంత మాత్రాన చుట్టరికం కలవదు. అయినా పారశీకుల నాటకం సంగతి నాకు తెలియదు, చదువుతాను.

లెక్కలపిచ్చి:
చెప్పులు లేని విగ్రహం బాగుంది. నా ఓటు మాత్రం లెక్కలకే.

ఎసెక్స్ అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. విగ్రహం ఫొటో మా వారికి చూపిస్తే "వీడికి కూడా పీఆర్ మనిషి ఉన్నాడన్నమాట" అన్నారు. మూడు రోజుల్లో ఆయన పలికిన అతి పొడుగైన వాక్యం అదే. కాలేజీకి ఫోన్ చేస్తే ఇంకో చిక్కు తేలింది. ఈ సబ్జెక్టుకు ఇప్పటికి ఏడుగురే వచ్చారట, పది మంది లేకపోతే తరగతి నడపరట. మా వైపు ఎవరి పిల్లలైనా ఉన్నారా?