ఫ్రిజ్ వాటర్ ఫిల్టర్ ఆర్నెల్లకోసారి మార్చాల్సిందేనా?

ప్రశ్న (పటమట, విజయవాడ): సైడ్ బై సైడ్ ఫ్రిజ్‌కి కుళాయి లైన్ ఉంది. ఆర్నెల్లకే ఫిల్టర్ మార్చమనే ఎర్ర లైటు వెలిగింది. నీళ్ల రుచి మారలేదు. రీసెట్ కొట్టి వాడేయొచ్చా అండీ?

జవాబు 1: ఆ లైటు నీళ్లను పరీక్షించదండీ. చాలా మోడళ్లలో రోజులు లెక్కపెడుతుంది, కొన్నిట్లో లీటర్లు. ఫిల్టర్ లోపలున్నది కార్బన్. అది సూక్ష్మజీవుల్ని చంపే క్లోరిన్‌ని లాగేస్తుంది కాబట్టి, ఆ తర్వాత తడి కార్బన్‌లో నిలవున్న నీళ్లలో సూక్ష్మజీవులు పెరగొచ్చు. రుచిలో ఏమీ తెలియదు. పైగా మనవి కృష్ణా నీళ్లు, వానాకాలం మట్టి ఎక్కువైతే గడువుకు ముందే పూడుకుపోతుంది. కొత్త ఫిల్టర్ పెట్టిన రోజే గ్లాసు ఎన్ని సెకన్లలో నిండిందో రాసిపెట్టుకోండి. అది రెట్టింపైతే లైటు కోసం ఆగొద్దు.

జవాబు 2 (గుంటూరు): బోరు నీళ్లయితే ఇంకో సంగతి. ఈ ఫిల్టర్ ఉప్పదనం, కాఠిన్యం తగ్గించదు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటర్ ఫిల్టర్‌కి ముందూ వెనకా దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. ఆర్వో నుంచి లైన్ ఇస్తే దీని పని పెద్దగా ఉండదు, మీ మోడల్‌కి బైపాస్ మూత (ఫిల్టర్ బదులు పెట్టేది) దొరుకుతుందేమో చూడండి. కాకపోతే ఆర్వో ప్రెషర్ తక్కువ, ధార సన్నబడుతుంది.

జవాబు 3: మార్చాక 10-15 లీటర్లు వదిలేయండి. మొదట నల్లగా వచ్చేది కార్బన్ పొడే. తుపుక్కు తుపుక్కుమంటూ వస్తే లోపల గాలి ఉన్నట్టు. మొదటి రెండు విడతల ఐసు పారబోయండి. చుక్కలు కారుతుంటే పాత ఫిల్టర్ ఓ-రింగ్ (రబ్బరు రింగు) గూట్లోనే అతుక్కుపోయిందేమో వేలితో తడిమి చూడండి.