పశువా, మృగమా? త నా, ట నా?

అరసున్న: "ఆ పుర్రెలో ఒకప్పుడు కాపురమున్న తలపులూ కోరికలూ మృగం తలపులను దాటి పైకెగరలేదు." నియాండర్తాల్ మనిషి పుర్రె గురించి ఈ మాట ఐర్లండ్‌లోని గాల్వే క్వీన్స్ కాలేజీ ప్రొఫెసర్ విలియం కింగ్ 1864 వ్యాసంలోది. తెలుగులో మృగం అనే చదివినట్టు గుర్తు, పశువేమోనని అనుమానం. ఇంగ్లిషు మూలంలో బ్రూట్.

శకటరేఫ: మృగం కుదరదండీ. తెలుగులో మృగమంటే క్రూరత్వం. కింగ్ క్రూరత్వం ఊసెత్తలేదు, బుద్ధి చాలదన్నాడు. లాటిన్‌లో బ్రూటస్ అంటే బరువు, మొద్దు. పశువే నయం, పశుప్రాయుడు అంటాం కదా.

కందపద్యం: పశువంటే మన చెవికి ఆవూ గేదే. 'నోరులేని జీవం' అంటే?

శకటరేఫ: అందులో జాలి ఉంది, కింగ్‌కు అది లేదు. ఆయన ముందున్నది అసలు ఎముక కూడా కాదు, పుర్రె పైచిప్పకు పోతపోసిన ప్లాస్టర్ అచ్చు. వాలిపోయిన నుదురు, కళ్ళ మీద దూలంలా పొడుచుకొచ్చిన గట్టు చూసి మనిషి కాదన్నాడు. 1863లో న్యూకాజిల్ శాస్త్రసభలో వ్యాసం చదివి, మరుసటేడు హోమో నియాండర్తాలెన్సిస్ అని జాతి పేరు అచ్చువేశాడు. ప్రజాతే (జీనస్) వేరేమోనని కూడా రాశాడు.

తలకట్టు: తాలెన్సిస్ కాదు, టాలెన్సిస్. జర్మన్‌లో థాల్ అని రాసినా పలికేది ట. 1901 లిపి సంస్కరణలో ఆ హెచ్ తీసేశారు కూడా. జాతి పేరులో మాత్రం ఉండిపోయింది, మొదట అచ్చయిన వర్ణక్రమానిదే చెల్లుబాటు కనుక. లతకు ఇంగ్లిషులో హెచ్ పెట్టే అలవాటున్న మనం దాన్ని త అని చదివేశాం. ఇంకోటి, టాల్ అంటేనే లోయ. 'నియాండర్టాల్ లోయ' మళ్ళీ పునఃప్రారంభం లాంటిది.

ఇల్లెందు_బొగ్గు: ఈ కింగ్ కొడుకు కూడా విలియం కింగే. జియలాజికల్ సర్వేలో పనిచేస్తూ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. సింగరేణిలో కింగ్ సీమ్ అనే బొగ్గుపొరకు ఆయన పేరే. పక్కన క్వీన్ సీమ్ ఉండేసరికి 'రాజు పొర' అని అనువదించేవాళ్ళున్నారు!

అరసున్న: బాగుంది, కానీ నా బ్రూట్...

తలకట్టు: ఆ లోయ పేరులోని నియాండర్ ఎవరో తెలుసుగా? పదిహేడో శతాబ్దపు భక్తికవి. తాత నోయ్‌మన్ అన్న ఇంటిపేరును గ్రీకులోకి మార్చుకున్నాడు. అర్థం 'కొత్త మనిషి'. పాత మనిషి దొరికింది ఆ పేరున్న లోయలో!

కందపద్యం: భక్తికవి, పైగా ట అన్నారు కాబట్టి, పోతన్నను తలవకుండా ఎలా? "పలికెడిది భాగవతమఁట, పలికించు విభుండు రామభద్రుండఁట". ట కు అంతకంటే పట్టాభిషేకం ఏముంది?

శకటరేఫ: 'పలికించెడివాఁడు' కదా?

కందపద్యం: చువిభుం, చెడివా రెండూ సగణమే. యతి ప, భ లకు, అదీ చెదరదు. ఛందస్సు తీర్పు చెప్పదు. నా చెవికి విభుండే.

శకటరేఫ: మీ చెవి వ్రాతప్రతి కాదుగా. 'వాఁడు'లో ఉన్న చనువు విభుడిలో ఏదీ?

అరసున్న: ఇంతకీ పశువా, మృగమా?

తలకట్టు: ఉండండి, ముందు విభుడో వాడో తేలనివ్వండి.