జర్మన్ యూనిఫాంలోని భారతీయులు: స్వచ్ఛంద సైనికులా, ద్రోహులా?

ప్రశ్న (మలక్‌పేట చదువరి):
1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుండి సుభాస్ చంద్రబోసుతో పాటు జలాంతర్గామిలో బయలుదేరిన ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాదువారే. ఆయన బెర్లిన్‌లో బోసుకు కార్యదర్శిగా ఉన్న కాలంలో, ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ యుద్ధఖైదీలతో జర్మనులు ఒక దళాన్ని సమకూర్చారు. బ్రిటిషు సైన్యంలో చేరి, తరువాత దాని శత్రువు పక్షాన నిలిచిన ఆ సైనికులను ఎలా అర్థం చేసుకోవాలి?

కోఠి పాఠకుడు:
ఖైదీ విషయంలో స్వచ్ఛందం అనే మాటను ఆచితూచి వాడాలి. ముళ్లకంచె వెనుక ఉన్నవాడు దేశభక్తితో చేరాడో, శిబిరం నుండి బయటపడితే చాలునని చేరాడో చెప్పడం కష్టం. అయినా చేరబోమని నిరాకరించినవారు చాలామంది ఉన్నారన్నది మరువరాదు. శత్రుసైన్యంలో పనిచేయమని యుద్ధఖైదీని బలవంతపెట్టడాన్ని 1949 నాటి జెనీవా ఒప్పందం తీవ్ర ఉల్లంఘనగా పేర్కొన్నది. ఇక బ్రిటిషు ఖైదీలను హిట్లరు వైపు తిప్పడానికి శిబిరాలకు వెళ్లిన జాన్ ఆమెరీ అనే బ్రిటిషువాడిని ఎవరూ బంధించలేదు, ఆయన కోరి వెళ్లాడు. దేశద్రోహ నేరానికి 1945 డిసెంబరులో ఆయనను ఉరితీశారు.

తార్నాక నుండి:
చేరిన కారణం ఏదైనా, చేసిన పని కూడా చూడాలి కదా. భారతదేశ పోరాటంలో జర్మన్ సేనాధిపతిగా హిట్లరుకు విధేయులమై ఉంటామని వారు ప్రమాణం చేశారు. పోరాటం భారతదేశం కోసమని చెప్పినా, వారిని నిలిపింది నెదర్లాండ్స్‌లో, ఆపై ఫ్రాన్సు అట్లాంటిక్ తీరంలో. 1944 ఆగస్టులో దళం నాజీ పార్టీ సాయుధ విభాగమైన వాఫెన్ ఎస్‌ఎస్ అధీనంలోకి వెళ్లింది. ఆ తీరపు ఫ్రెంచి గ్రామస్థునికి వారు విమోచకులు కారు, ఆక్రమణ సైన్యంలో భాగం. ఈ సంగతిని మనవాళ్లు సాధారణంగా దాటవేస్తారు.

సుల్తాన్‌బజారు న్యాయవాది:
1945లో ఎర్రకోటలో విచారణకు వచ్చింది ఆగ్నేయాసియాలోని ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు. దానిని ఈ దళంతో కలపకూడదు. స్వాతంత్ర్యం కోసం యుద్ధం చేసే హక్కు పరాధీన జాతికి ఉన్నదని వారి తరఫు న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ వాదించారు. న్యాయస్థానం అంగీకరించక యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష విధించింది. బ్రిటిషు ఇండియా సర్వసేనాధిపతి ఆ శిక్షను రద్దు చేశారు.

ఆబిద్ హసన్ సంగతి మరీ వేరు. ఆయన జర్మనీలో చదువుకుంటున్న విద్యార్థి, బ్రిటిషు రాజుకు సైనికుడిగా మాట ఇచ్చినవారు కారు. అంతేకాదు, సంస్థాన ప్రజలు చట్టరీత్యా బ్రిటిషు ప్రజలు కారు, వారి రక్షణలో ఉన్నవారు మాత్రమే. అయితే నిజాం ఆ యుద్ధంలో బ్రిటిషువారి పక్షాన నిలిచారు. కాబట్టి ఆబిద్ హసన్ ధిక్కరించింది ఎవరినని అడిగితే, బ్రిటిషు రాజు కన్నా ముందు నిజాం పేరే చెప్పవలసి వస్తుంది.