స్మాల్ క్లెయిమ్స్‌లో సెటిల్ అయ్యాక అదే కాంట్రాక్ట్ మీద మళ్లీ కేసు వేయొచ్చా?

ఇల్లుగలవాడు: కాలిఫోర్నియాలో బాత్‌రూమ్ రీమోడల్ చేయించా. పని లేటయిందని స్మాల్ క్లెయిమ్స్‌లో, అంటే చిన్న మొత్తాల కోర్టులో, 4,000 డాలర్లకి వేస్తే హియరింగ్‌కి ముందే కాంట్రాక్టర్ 2,500 ఇచ్చాడు, ఒక పేజీ మీద సంతకాలు పెట్టుకుని కేసు తీసేశా. ఇప్పుడు గోడ లోపల లీకు, రిపేర్‌కి 19,000 అంటున్నారు. మళ్లీ వేయొచ్చా?

పాతమేస్త్రీ: కుదరదు. డబ్బు తీసుకున్నారు, అయిపోయింది. ఒకే కాంట్రాక్ట్‌ని ముక్కలు చేసి ముక్కకో కేసు అంటే కోర్టు ఒప్పుకోదు.

కాగితంపులి: అంత తేలిగ్గా తేల్చేయకండి. కేసు తీసేసేటప్పుడు ఇచ్చిన డిస్మిసల్ ఫారంలో ఏ గడి టిక్ చేశారు? వితౌట్ ప్రెజుడిస్, అంటే మళ్లీ వేసే హక్కు ఉంచుకుని తీసేసినట్టు, అయితే ఆ డిస్మిసల్ అడ్డం రాదు.

రాజు77: స్మాల్ క్లెయిమ్స్‌లో మనిషికి 12,500 లిమిట్ బ్రో, ఈసారి మామూలు సివిల్ కోర్టే

పాతమేస్త్రీ: మళ్లీ గడి! ఆ పేజీలో అన్ని క్లెయిములూ వదులుకున్నా అని రాసుంటే ఏ గడైతే ఏంటి?

కాగితంపులి: రాసున్నా సివిల్ కోడ్ 1542 ఉంది సార్. సంతకం నాటికి తెలియని, అనుమానం కూడా లేని క్లెయిమ్, తెలిసుంటే సెటిల్‌మెంటే మారిపోయేంతదైతే, జనరల్ రిలీజ్‌లో, అంటే అన్నీ వదులుకున్నా అనే రాతలో, కొట్టుకుపోదు. లాయర్లు అందుకే 1542 కూడా వదులుకుంటున్నా అని విడిగా రాయిస్తారు.

పాతమేస్త్రీ: మీకేం, సెక్షన్లు చెప్తారు. నేనూ ఒక కస్టమర్‌కి తప్పు నాది కాకపోయినా పీడ వదుల్తుందని 1,800 ఇచ్చా, ఎనిమిది నెలలకి ఇంకో నోటీసు పంపాడు. మళ్లీ వేసేవాళ్లే అయితే సెటిల్ చేసుకోవడం దేనికి, కేసే ఆడుకునేవాణ్ణి కదా?

కాగితంపులి: ఆయన మీద కోపం ఈయన మీద తీర్చుకుంటారా? 2,500 ఇచ్చింది లేటుకి, గోడలో దాచిన తప్పులకి కాదు!

ఇల్లుగలవాడు: గొడవ పడకండి, కాగితం దొరికింది. "ఆలస్యం గురించిన క్లెయిమ్ పరిష్కారమైంది" అని మాత్రమే ఉంది. గడి మాత్రం విత్ ప్రెజుడిస్.

కాగితంపులి: అబ్బా. కాగితం మీ వైపే ఉంది, గడి లేదు. విత్ ప్రెజుడిస్ అంటే ఆ క్లెయిమ్ తీర్పుతో ముగిసినట్టే లెక్క. లీకు వేరే క్లెయిమా, దాంట్లో ముక్కేనా అన్నదాని మీదే అసలు వాదన నడుస్తుంది, దానికి లాయర్ కావాలి.

పాతమేస్త్రీ: ఒక్కటి అడుగుతా, నిజం చెప్పండి. సంతకం పెట్టే రోజుకి గోడ మీద చెమ్మేమైనా కనిపించిందా?

ఇల్లుగలవాడు: మూలన చిన్న మచ్చ ఉండేది. ఫోటో తీసి ఆయనకే పంపా కూడా.

పాతమేస్త్రీ: 😐

కాగితంపులి: ఆ మాట మొదటి పోస్ట్‌లోనే చెప్పాల్సింది కదండీ...

ఇల్లుగలవాడు: గ్రౌట్ మరక అనుకున్నానండీ