బొమ్మరిల్లులో ఆ ‘ర’ ఎక్కడిది? బొమ్మరంగడి అనొచ్చా?

మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక బుల్లి పుస్తకాల కొట్టు కడుతున్నాను. కిట్‌గా వచ్చినదే. 1:24 కొలత, లేజరుతో కోసిన పల్చటి ప్లైవుడ్ ముక్కలు, అచ్చువేసిన కాగితాలు, రెండు ఎల్‌ఈడీ బల్బులు. గోడలకు కాగితం అంటించాను, అరలు నిలబెట్టాను, గల్లాపెట్టె బల్లకు సొరుగులు కూడా అయ్యాయి. ఇక వాకిలి పైన పెట్టే బోర్డు ఒక్కటే మిగిలింది. 60 మిల్లీమీటర్ల పొడవు, 9 మిల్లీమీటర్ల ఎత్తు. కిట్‌తో ఇచ్చిన ఇంగ్లీషు స్టిక్కరు అంటించడానికి మనసొప్పలేదు. తెలుగులో రాయాలి.

బొమ్మల ఇల్లు బొమ్మరిల్లు అయినప్పుడు, బొమ్మల అంగడి బొమ్మరంగడి అవుతుందా? పలకడానికి చాలా బాగుంది. కానీ ఆ ‘ర’ను నా ఇష్టానికి తెచ్చుకోవచ్చో లేదో తెలియడం లేదు. రుక్మిణి చిన్ననాటి ఆటలు చెప్పే పోతన సీసంలో “బొమ్మరిండ్లు” అని ఉన్నట్టు నాలుగు రోజులుగా చెవిలో ఒకటే మోత. ముందూ వెనకా రావడం లేదు. ఎవరికైనా పద్యం నోటికి వచ్చా? అక్కడ ‘ర’ ఉంటే నా బోర్డు గట్టెక్కినట్టే.

జవాబు 1

అది బొమ్మరిండ్లు కాదమ్మా, “బొమ్మలపెండ్లిండ్లు”. చివర ‘ండ్లు’ రెండింటికీ ఒకటే కాబట్టి మీ చెవి ఒకదాన్ని ఇంకోదానిగా వింది. వెంటనే వియ్యాలందడం వస్తుంది చూడండి, ఇల్లు ఊసే లేదు. రెండో పాదం “గుజ్జెనఁగూళ్ళను గొమరొప్ప వండించి”. అంచేత ఈ పద్యం మీ ‘ర’కు సాక్ష్యం చెప్పదు.

జవాబు 2

మాస్టారూ, గుజ్జెనగూళ్ళు అంటే పిల్లలు కట్టుకునే చిన్న చిన్న ఇళ్లు కాదా? పిచ్చుకగూళ్లలాగా. నేను ఇన్నేళ్లూ అలాగే అర్థం చేసుకున్నాను. బొమ్మల పెళ్లి తర్వాత బొమ్మల ఇళ్లు రావడం వరసగా కూడా ఉంది.

జవాబు 1 రాసినవారే

గూడును ఎవరు వండిస్తారండీ? “వండించి” అన్నాడు, ఆ తర్వాత “చెలులకుఁ బెట్టించు” అన్నాడు. అది కూడు. గుజ్జెన తర్వాత ఉన్న అరసున్నను వదిలేయకండి. ద్రుతం, అంటే మాట చివరి ‘న’కారం, ఉండబట్టే ‘కూ’ సరళమై ‘గూ’ అయింది. బహువచనంలో కూడు కూళ్లు, గూడు గూళ్లు అవుతాయి. సరళాదేశం జరిగాక రెండూ ఒకేలా వినిపిస్తాయి. పొరపాటు పడేది అక్కడే.

జవాబు 3

అసలు ప్రశ్నకు వద్దాం. ‘ర’ రుగాగమమే, అంటే రెండు మాటల మధ్య కొత్తగా వచ్చి చేరే ‘ర’. పేద + ఆలు పేదరాలు, మనుమ + ఆలు మనుమరాలు. అలాగే బొమ్మ + ఇల్లు బొమ్మరిల్లు. అచ్చు పరమైతే ‘ర’ వస్తోంది. అంగడిలోనూ మొదట అచ్చే ఉంది. బొమ్మరంగడి నిర్భయంగా రాసుకోండి.

జవాబు 4

నిర్భయంగా అనకండి. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి రుగాగమానికి రెండు కట్టుబాట్లు పెట్టాడు. కర్మధారయం, అంటే విశేషణమూ విశేష్యమూ కలిసిన సమాసం కావాలి, పరంగా ఆలు శబ్దం ఉండాలి. బొమ్మరిల్లు కర్మధారయం కాదు, బొమ్మల యొక్క ఇల్లు. ఇల్లు ఆలు కాదు. ఆ సూత్రం ఇల్లుకే చాలకపోతే అంగడి దాకా ఎలా లాగుతారు?

జవాబు 3 రాసినవారే

సూత్రం చాలకపోయినా మాట ఉంది కదా. మాట పుట్టాక సూత్రం పుట్టింది. పొదరిల్లు సంగతేమిటి మరి? పొద + ఇల్లు. అక్కడా ‘ర’ ఉంది.

జవాబు 4 రాసినవారే

పొదరు అని విడిగా ఒక మాటే ఉంది, పొద అనే అర్థంలో. పొదరు + ఇల్లు పొదరిల్లు. అది ఉత్వసంధి, చివరి ‘ఉ’ పోయిందంతే, ఆగమం కాదు. బొమ్మరు అనే మాట ఎక్కడైనా చూపించండి, ఒప్పుకుంటాను.

జవాబు 5

బొమ్మరు లేదు గానీ బొమ్మరము ఉంది. బొంగరానికి ఇంకో రూపం. పిల్లలు ఆటవస్తువులన్నీ ఒకచోట చేర్చి ఆడుకునే ఇల్లు బొమ్మరిల్లు అయిందని నా నమ్మకం. బొమ్మ, బొమ్మరము రెండూ ఆటవస్తువులే కాబట్టి కలిసిపోవడం కష్టం కాదు.

జవాబు 4 రాసినవారే

అలాగైతే బొమ్మరపుటిల్లు కావాలండీ. సమాసంలో ‘ము’ స్థానంలో ‘పు’ ఆదేశంగా వస్తుంది, మధ్యలో ‘పు’ మాయం కాదు.

జవాబు 6

నేను ఇలాంటి కిట్లు ఏడెనిమిది కట్టాను, అందుకని బోర్డు గురించి ముందు ఒక మాట. అక్కా, 9 మిల్లీమీటర్లలో అంచుకు పైనా కిందా ఒకటిన్నర వదిలితే ఆరు మిగులుతాయి. ‘మ్మ’ ఒత్తుకు రెండు పోతే అక్షరానికి నాలుగు. అందులోనే తలకట్టు, ‘డి’ గుడి, ‘బొ’ పైన ఒత్వం. అంటే అక్షరం పొట్ట మూడు మిల్లీమీటర్లు దాటదు. మామూలు బ్రష్షుతో ‘మ’ లోపలి ఖాళీ పూడిపోతుంది, దూరం నుంచి నల్లటి చుక్కలా కనిపిస్తుంది. ఒత్తు లేని మాట వెతుక్కోండి. ‘అంగడి’ ఒక్కటే రాస్తే ఒత్తు బాధ ఉండదు, పైగా పొడవుకు చోటు మిగులుతుంది కాబట్టి అక్షరాలు విడివిడిగా పెట్టొచ్చు.

ఒత్తు తప్పదనుకుంటే దాన్ని చట్రం అంచు మీదికి దిగనివ్వండి. చేత్తో రాసిన బోర్డుల్లో అలా దిగడం అందంగానే ఉంటుంది. ఇంకోటి, ముందు చెక్కకు రంగు వేసి ఆరనిచ్చి, తర్వాతే జిగురు. జిగురు కారినచోట చెక్క రంగు పీల్చదు, తెల్లటి మచ్చలు మిగిలిపోతాయి.

మొదటి పోస్టు రాసినవారు

తమ్ముడూ, జిగురు పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. కిటికీకి అద్దంలా వాడే పారదర్శకపు రేకును సూపర్ గ్లూతో అంటించాను. తెల్లారేసరికి దాని మీద పొగమంచు పట్టినట్టు తెల్లటి పొర. ఎంత తుడిచినా పోలేదు. చివరికి ఆ మూలన లోపలివైపు చిన్న పోస్టరు అంటించి కప్పేశాను. రెండో కిటికీకి తెల్ల జిగురు వాడాను, శుభ్రంగా ఉంది.

‘అంగడి’ ఒక్కటే రాయడం బాగానే ఉంది గానీ, అప్పుడది ఏ అంగడైనా కావచ్చు. ఇది బొమ్మల ప్రపంచానిదని బోర్డు చెప్పాలి. బొమ్మలంగడి అంటే బొమ్మలమ్మే చోటు అనుకుంటారు. నాది పుస్తకాల కొట్టు. అరల్లో 140 పుస్తకాలు పెట్టాను, ఒక్కోటి గోరంత. అట్ట ముక్క చుట్టూ ముఖచిత్రం మడిచి, వెన్ను దగ్గర సూదితో గీత గీసి చేసినవి.

జవాబు 7

మీ మాటలోనే సమాధానం ఉందనిపిస్తోంది. బొమ్మలిల్లు, బొమ్మరిల్లు ఒకటి కావు. బొమ్మరిల్లు అంటే బొమ్మలు కాపురముండే ఇల్లు. అదే లెక్కన బొమ్మలంగడి బొమ్మలు అమ్మే అంగడి, బొమ్మరంగడి బొమ్మలు వచ్చి కొనుక్కునే అంగడి. ‘ల’ ఉంటే అవి సరుకు, ‘ర’ ఉంటే అవి మనుషులు. బొమ్మవారి ఇల్లు అనేదే అరిగి అరిగి బొమ్మరిల్లు అయిందని నేను చాలా కాలంగా అనుకుంటున్నాను. ఆ ‘ర’లో ‘వారి’ దాగుంది.

జవాబు 2 రాసినవారే

ఎంత బాగా చెప్పారండీ! ఇది నిజం కావాలని ఉంది.

జవాబు 4 రాసినవారే

కావాలని నాకూ ఉంది, కానీ పొదరిల్లు అడ్డొస్తుంది. పొదరింట్లో పొదలు కాపురముండవు. పొదలతో అల్లుకున్న ఇల్లు అది. ‘ర’కు కాపురం అర్థం ఇస్తే అక్కడ చెడుతుంది. ఇక ‘వారి’ అరిగితే ముందు బొమ్మారిల్లు అని దీర్ఘం కనిపించాలి. ఎవరి ప్రయోగంలోనైనా ఆ దీర్ఘం చూశారా?

నా అనుమానం వేరే ఉంది. పొదరిల్లు ముందు నుంచీ ఉంది, అందులో ‘ర’ న్యాయంగా వచ్చింది. దాని ఒరవడిలో పిల్లల నోట బొమ్మరిల్లు పుట్టింది. రెండూ చిన్నవి, రెండూ ఆడుకునే చోట్లు, నడకా ఒకటే. అలా పుట్టిన మాట ఇంకో మాటకు తల్లి కానక్కర్లేదు. అందుకే అంగడికి ‘ర’ ఇవ్వలేను.

జవాబు 3 రాసినవారే

ఒరవడితో ఒక మాట పుట్టవచ్చని మీరే ఒప్పుకున్నారు. మరి అదే ఒరవడితో రెండోది పుడితే తప్పెలా అవుతుంది? పిల్లల నోట పుడితే చెల్లింది, గోరంత పుస్తకాలు 140 చేసినావిడ నోట పుడితే చెల్లదా?

జవాబు 5 రాసినవారే

అంగడి బదులు కొట్టు అంటే ఈ తగువే ఉండదు. హల్లు కాబట్టి ‘ర’ అడగదు, బొమ్మకొట్టు అయిపోతుంది. దుకాణం మనకు పారసీ దారిలో వచ్చింది. అంగడి మాత్రం కన్నడంలోనూ ఉన్న మన పాత మాట. అందుకే నాకు అంగడే ఇష్టం, తగువు వచ్చినా.

జవాబు 6 రాసినవారే

బొమ్మకొట్టులో ఒత్తులు రెండు! ‘మ్మ’, ‘ట్టు’. 9 మిల్లీమీటర్లలో నేనైతే రాయలేను.

పుస్తకాల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మరిల్లు ఉంది, 1921 నుంచి 1924 దాకా కట్టారు. గీసినది ఎడ్విన్ లుట్యెన్స్ అనే వాస్తుశిల్పి, కొలత 1:12. అందులో ఒక గ్రంథాలయం ఉంది. అప్పటి రచయితలు తమ చేతిరాతతో బుల్లి పుస్తకాలు రాసి ఇచ్చారు. అంటే తెరిస్తే చదవగలిగే పుస్తకాలు. మన కిట్లలోవి అన్నీ మూసిన పుస్తకాలే. మీ కొట్టులో ఒక్కటైనా తెరుచుకునే పుస్తకం పెట్టండి అక్కా, బల్ల మీద. లోపల ఆ సీసం రాయండి.

జవాబు 1 రాసినవారే

సీసం పెడితే దాని కింద వచ్చే ఎత్తుగీతి కూడా పెట్టండి. అసలు రుచి అక్కడే ఉంది. “శారికా కీర పంక్తికిఁ జదువుఁ జెప్పు”. గోరువంకలకూ చిలకలకూ వరసగా కూర్చోబెట్టి చదువు చెబుతోంది ఆ పిల్ల. ‘పంక్తి’ అన్నాడు చూశారా, బడిలో బల్ల మీద కూర్చున్నట్టు! అక్కడిదాకా ఆమె ఆడుకుంది. ఇక్కడ మొదలుపెట్టి నేర్పుతోంది. నెమళ్లకు మురిపాలు, హంసలకు మందగతులు. పెళ్లి చేసి, వండి పెట్టి, తీగలు పెంచి, ఆఖరికి గురువైంది. ఒక బాల్యాన్ని ఎనిమిది క్రియల్లో పెంచి పెద్ద చేశాడు మహానుభావుడు. ఈ పద్యం చెప్పిన ప్రతిసారీ ‘చెప్పు’ దగ్గర ఆగిపోతాను.

మొదటి పోస్టు రాసినవారు

మాస్టారూ, మీరు రాసింది చదివి నిన్న రాత్రి చిలకను చేశాను. అసలు చిలక తోకతో కలిపి 38 సెంటీమీటర్లు అనుకుంటే 1:24లో 16 మిల్లీమీటర్లు. పాలిమర్ క్లే నలిపి, గుండుసూది మొనతో రెక్క గీతలు గీశాను. ముక్కుకు ఎర్ర రంగు చుక్క అగ్గిపుల్ల చివరతో పెట్టాను. పంజరం వద్దనిపించింది. గల్లాపెట్టె బల్ల మీద, తెరిచిన పుస్తకం ముందు కూర్చోబెట్టాను. బల్బు వెలిగిస్తే దాని నీడ పేజీ మీద పడుతోంది. పుస్తకంలో మొత్తం పద్యం పట్టలేదు. “చదువుఁ జెప్పు” అన్న రెండు మాటలే పట్టాయి. అరసున్న కూడా పెట్టాను, భూతద్దంలో కనిపిస్తుంది.

ఇక బోర్డు. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు, సున్నా నంబరు బ్రష్షు కూడా లావైతే టూత్‌పిక్ కొనను చెక్కి రాశాను. మూడుసార్లు తుడిచి నాలుగోసారి కుదిరింది. తమ్ముడు చెప్పినట్టే ‘మ్మ’ ఒత్తు చట్రం మీదికి దిగింది. రాస్తుంటే తెలిసింది, బొమ్మరంగడికీ బొమ్మలంగడికీ మధ్య తేడా ఒక్క అక్షరమే. మిగతావన్నీ రాసేసి ఆ మూడో అక్షరం చోటు ఖాళీగా వదిలాను. 5 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్లలు రెండు కోసి ఒకదాని మీద ‘రం’, ఇంకోదాని మీద ‘లం’ రాసి పెట్టుకున్నాను. జిగురు పెట్టలేదు, మైనంతో నిలబడుతోంది. ఇవాళ ‘రం’ ఉంది.

జవాబు 4 రాసినవారే

ఫొటో పెట్టండమ్మా. ‘రం’ ఉన్నప్పటిదైనా సరే.

జవాబు 2 రాసినవారే

గూళ్ళు సంగతి ఒప్పుకున్నాను మాస్టారూ, అది కూడే. కానీ మా ఇంట్లో అందరూ ‘గుజ్జన’ అనే చెప్పేవారు, మీరు ‘గుజ్జెన’ అని రాశారు. ‘జ’ మీద ఎత్వం ఉందా లేదా? గుజ్జు అన్న మాటకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు 1 రాసినవారే

నా దగ్గరున్న ప్రతిలో ఎత్వమే ఉంది. గణం చూసినా రెండూ సరిపోతాయి, భగణమే. గుజ్జుతో సంబంధం గురించి నాకో ఊహ ఉంది, కాస్త పొడుగు. రేపు ఉదయం వేరే పోస్టుగా రాస్తాను.