కంపెనీ విచారణలో నోట్సు ఎలా రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి

కొనుగోళ్ల బిల్లుల మీద ఫిర్యాదు వచ్చి మా కంపెనీలో అంతర్గత విచారణ మొదలైంది. బయటి లాయర్ ఉద్యోగులతో మాట్లాడతారు, హెచ్ఆర్ తరఫున నేను పక్కన కూర్చుని నోట్సు రాయాలి. "నేను కంపెనీ లాయర్ని, మీ లాయర్ని కాదు, ఈ సంభాషణ గోప్యత హక్కు కంపెనీది, కావాలంటే కంపెనీ దాన్ని వదులుకోవచ్చు" అని ఆ లాయర్ ఉద్యోగులకు ముందే చెప్తారట. 1981లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన అప్‌జాన్ తీర్పు నుంచి వచ్చిన పద్ధతి ఇది.

నా టెన్షన్ అంతా ఎదురుగా కూర్చునే మనిషి గురించే. ఈ మాటలు గబగబా చదివేస్తే భయంలో ఉన్నవాళ్లు తల ఊపేస్తారు, ఒక్క ముక్క బుర్రకెక్కదు. నిజంగా అర్థమైందని ఎలా నిర్ధారించుకుని రాస్తారు? వాళ్లు తమ సొంత లాయర్‌తో మాట్లాడాలని అడిగితే అక్కడితో ఆపేయాలా? ఇంకొకటి, వాళ్లు చెప్పింది మాటకు మాట రాయాలా, లేక లాయర్ ఆలోచనలు కలిసిన సారాంశమైతేనే గోప్యతకు బలమా?