ఒక పాట వినబడదు, తరువాతిది ఇల్లు అదరగొడుతుంది: కంప్యూటర్‌లో శబ్దం హెచ్చుతగ్గులు

ప్రశ్న: మల్కాజిగిరి శ్రోత

మా నాన్నగారి కోసం ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో సుమారు తొమ్మిది వందల పాటలు పెట్టాను. వాటిలో సగం ఆయన దాచుకున్న క్యాసెట్ల నుంచి నేనే ఎక్కించిన ఘంటసాల పద్యాలు, లలితగీతాలు, త్యాగరాజ కీర్తనలు. మిగిలిన సగం ఈ పదిహేనేళ్లలో వచ్చిన సినిమా పాటలు. కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది, పాటలు వీఎల్‌సీ ప్లేయర్‌లో వింటాము, స్పీకర్లు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవి.

పొద్దున ఆరింటికి పద్యం మొదలైతే అది సన్నగా వినిపిస్తుంది కనుక నాన్నగారు స్పీకర్ నాబ్ తిప్పి శబ్దం పెంచుకుంటారు. పద్యం ముగిసి సినిమా పాట అందుకోగానే కిటికీ అద్దాలు కూడా గణగణమంటాయి, ఆయన లేచి నాబ్ దగ్గరకు చేరేలోపు పల్లవి సగం అయిపోతుంది. కింది పోర్షన్ వారు రెండుసార్లు మర్యాదగానే చెప్పారు, మూడోసారి కూడా అలాగే చెబుతారన్న నమ్మకం నాకు లేదు. స్పీకర్ల వైరు మార్చి చూశాను. ఆడాసిటీ అనే పాటలను దిద్దే సాఫ్ట్‌వేర్‌లో క్యాసెట్ పాటలన్నింటికీ నార్మలైజ్ (శబ్దస్థాయిని సర్దడం) చేశాను, తేడా ఏమీ రాలేదు. ఇది చాలదన్నట్లు, కొన్ని రోజులు ఒకే పాట మధ్యలో శబ్దం హఠాత్తుగా పడిపోయి, పావుగంట తరువాత తనంతట తానే మామూలు స్థాయికి వస్తోంది. సౌండ్ కార్డు పోయిందంటారా?

సమాధానం: టేపు రీలు

సౌండ్ కార్డును ఇప్పుడే అనుమానించకండి. మీరు రెండు వేర్వేరు ఇబ్బందులను ఒకే ప్రశ్నలో కలిపి అడిగారని నాకు అనిపిస్తోంది. పాట మారినప్పుడు శబ్దం మారడం ఫైళ్లలో ఉన్న తేడా; ఒకే పాట మధ్యలో పడిపోయి మళ్లీ లేవడం విండోస్ చేసే పని కావచ్చు.

రెండోదే సులభం కనుక ముందు దాని సంగతి చూద్దాం. ఆ కంప్యూటర్‌లో ఎవరైనా ఆఫీసు కాల్స్ మాట్లాడుతుంటారా? కాల్ నడుస్తోందని గుర్తించగానే విండోస్ మిగతా శబ్దాలను 80 శాతం తగ్గిస్తుంది, మనం మార్చకపోతే అది అలాగే ఉంటుంది. పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో నాలుగోదైన ‘డూ నథింగ్’ ఎంచుకుంటే ఆ బాధ తీరుతుంది.

మొదటిదానికి మూలం రికార్డింగులోనే ఉంది. సీడీల కాలంలో, ముఖ్యంగా 1990ల తరువాత, తమ పాట పక్క పాటకంటే గట్టిగా వినిపించాలన్న పోటీ పెరిగి, మెల్లగా ఉండే భాగాలను కూడా పైకి నెట్టి పాట మొత్తాన్ని అంచుదాకా నింపడం మొదలైంది. మీ క్యాసెట్ పాటల్లో ఆ నింపుడు లేదు. పద్యంలో రాగం తీసేటప్పుడు గొంతు ఎక్కడో ఒక్కచోట పైకి లేస్తుంది, మిగతాదంతా నెమ్మదిగానే ఉంటుంది. ఆడాసిటీలోని నార్మలైజ్ ఆ ఒక్క శిఖరాన్ని మాత్రమే చూస్తుంది, మన చెవి మాత్రం పాట సగటున ఎంత గట్టిగా ఉందన్నది చూస్తుంది. రెండు పాటల శిఖరాలు ఒకే ఎత్తున ఉండి కూడా ఒకటి గుసగుసలా, మరొకటి కేకలా వినిపించడం ఇందువల్లనే.

చెవి లెక్కన కొలవడానికి 2001లో డేవిడ్ రాబిన్సన్ ప్రతిపాదించిన రీప్లేగెయిన్ అనే పద్ధతి ఉంది. ఇది ప్రతి పాటను కొలిచి, ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఫైలులోని ట్యాగులో, అంటే పాట వివరాలు ఉండే చోట, రాసిపెడుతుంది. పాటను ముట్టుకోదు, ప్లేయర్ ఆ ట్యాగు చదువుకొని తాను సర్దుకుంటుంది. ఫూబార్2000 అనే ప్లేయర్ వేసుకొని, పాటలన్నీ ఎంచుకొని, రైట్ క్లిక్‌లో రీప్లేగెయిన్ కింద ఒక్కొక్క ట్రాకుగా స్కాన్ చేయండి. తరువాత ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ కింద సోర్స్ మోడ్‌ను ట్రాక్ అని పెట్టి, క్లిప్పింగ్‌ను (శబ్దం హద్దు దాటి చిట్లడాన్ని) నివారించే ఎంపికను కూడా ఉంచండి. వీఎల్‌సీనే వాడాలనుకుంటే దాని ఆడియో సెట్టింగులలో కూడా రీప్లేగెయిన్ మోడ్ ఉంది.

సమాధానం: పాతబస్తీ రేడియో

ఇంత శ్రమ దేనికండీ? సౌండ్ ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్ కింద లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్కు పెడితే సరిపోతుంది. డ్రైవరును బట్టి కొన్ని కంప్యూటర్లలో ఈ గడి కనిపించదు. మా ఇంట్లో టీవీ సీరియళ్లు, వార్తలు అన్నీ దానితోనే వింటాము.

సమాధానం: టేపు రీలు

మాటలకు అది బాగానే పనిచేస్తుంది, కచేరీకి మాత్రం నేను సలహా ఇవ్వను. అది పాట నడుస్తుండగానే మెల్లని చోటును పెంచుతూ, గట్టి చోటును నొక్కుతూ పోతుంది. ఆలాపనకు ముందు తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు దానిని, దానితోపాటు టేపు బుసను కూడా ముందుకు లాగుతుంది. మృదంగం మొదటి దెబ్బ పడగానే గాయకుడితో సహా అందరినీ వెనక్కు తోస్తుంది. నాన్నగారు ఒక్క రోజులో పట్టేస్తారు.

మల్కాజిగిరి శ్రోత

కాల్స్ సంగతి అక్షరాలా నిజం. మా తమ్ముడు అమెరికా వారితో మాట్లాడేది సరిగ్గా ఆ సమయంలోనే. సెట్టింగు మార్చాను, మూడు రోజులుగా శబ్దం పడిపోలేదు.

స్కాన్ కూడా చేశాను. ఒక సినిమా పాటకు మైనస్ 9.6 డెసిబెల్స్ అని, ఒక పద్యానికి ప్లస్ 5.8 అని వచ్చింది. సినిమా పాటలు చక్కగా దిగివచ్చాయి. పద్యాలు మాత్రం ఇంకా వెనుకబడే ఉన్నాయి, 5.8 పెరిగినట్లు ఎంతమాత్రం వినిపించడం లేదు. క్లిప్పింగ్ నివారణ తీసేయమంటారా?

సమాధానం: టేపు రీలు

తీసేయకండి, అదే మనకు ఆచూకీ ఇస్తోంది. ఆ రెండు పాటల మధ్య తేడా 15.4 డెసిబెల్స్, పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపుగా తోస్తుంది కనుక కింది పోర్షన్ వారి కోపం న్యాయమైనదే. ఇక పద్యం ఎందుకు పెరగలేదంటే, ఆ ఫైలులో ఎక్కడో ఒక శిఖరం ఇప్పటికే పైకప్పుకు ఆనుకొని ఉంది. అంతకు మించి పెంచితే శబ్దం చిట్లుతుందని ప్లేయర్ ఆగిపోతోంది. ఆడాసిటీలో ఆ పద్యం తెరిచి, తరంగాల బొమ్మలో అన్నిటికంటే పొడవైన గీత ఎక్కడుందో చూసి చెప్పండి.

మల్కాజిగిరి శ్రోత

మొట్టమొదటి క్షణంలోనే ఉంది! పాట మొదలుకాకముందే మేకులాంటి గీత ఒక్కటి నిలబడి ఉంది, తరువాత గొంతంతా దానిలో సగానికి కూడా రావడం లేదు. విని చూస్తే, టేప్‌రికార్డర్‌లో ప్లే మీట నొక్కినప్పటి ‘టక్’ మన్న చప్పుడు. రికార్డింగు ముందే మొదలుపెట్టి తరువాత మీట నొక్కేవాడిని, ప్రతి క్యాసెట్‌కూ ఇదే చేశాను.

సమాధానం: టేపు రీలు

మీ నార్మలైజ్ కూడా ఆ ‘టక్’నే పాట అనుకొని, దానిని అంచుకు చేర్చి, పని అయిపోయిందనుకుంది. ఆ ముక్కను కోసేయండి. ఫైళ్లు ఎంపీ3లు అయితే ఆడాసిటీలో కోసి మళ్లీ ఎంపీ3గా సేవ్ చేసినప్పుడు నాణ్యత కొంత పోతుంది కనుక, తిరిగి ఎన్‌కోడ్ చేయకుండానే, అంటే పాటను మళ్లీ ఎంపీ3గా కుదించకుండానే, కోసే ఎంపీ3డైరెక్ట్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. కోసిన తరువాత మళ్లీ స్కాన్ చేయడం మరువకండి, పాత శిఖరం విలువ ట్యాగులో అలాగే ఉండిపోతుంది.

మల్కాజిగిరి శ్రోత

నలభై పద్యాలకు కోశాను, మిగిలినవి రోజుకు కొన్ని చొప్పున చేస్తున్నాను. ఈ ఉదయం పద్యం, సినిమా పాట, మళ్లీ పద్యం వరుసగా మోగినా నాన్నగారు కుర్చీలోంచి లేవలేదు. ఒక్క సందేహం మిగిలింది: ఇవే పాటలు పెన్ డ్రైవ్‌లో వేసి ఆయన వంటింటి స్పీకరుకు పెడితే పాత తేడా అలాగే వస్తోంది.

సమాధానం: టేపు రీలు

ఆ స్పీకరు ట్యాగు చదవదు. పెన్ డ్రైవ్‌లోని కాపీలకు మాత్రం ఎంపీ3గెయిన్ అనే సాఫ్ట్‌వేర్ నడపండి. అది ఎంపీ3 లోపల ఉండే శబ్దస్థాయి అంకెనే 1.5 డెసిబెల్స్ మెట్ల చొప్పున మారుస్తుంది, ఎన్‌కోడ్ మళ్లీ చేయదు, వెనక్కు తిప్పుకొనే వీలూ ఉంటుంది. దానిలో లక్ష్యం 89 డెసిబెల్స్ అని ఉంటుంది, అలాగే వదిలేయండి. కంప్యూటర్‌లోని అసలు ఫైళ్ల జోలికి మాత్రం పోకండి.